రూఫ్‌టాప్ మెంబర్స్ క్లబ్‌లో భోజనం, పరిచయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక రూఫ్‌టాప్ మెంబర్స్ క్లబ్ రిసెప్షన్‌లో కొన్నేళ్లు పనిచేశాను. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే ఎదురుగా కనిపించేది మా బల్లే. మొదటిసారి వచ్చిన గెస్టులు పేరు చెప్పాక ఒక్క క్షణం ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఏదో ఒకటి అడిగేవారు. మనుషులు మారేవారు గానీ ప్రశ్నలు మారేవి కావు. ఇప్పటికీ తెలిసినవాళ్లు ఫోన్ చేసి అవే అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. పిలుపు అందినప్పటి నుంచి ఇంటికి చేరాక వరకు వరసగా ఉన్నాయి. మీ సందేహం ఏదో దాని దగ్గరికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. క్లబ్‌ను బట్టి నియమాలు మారతాయి. ఇక్కడ రాసినవి ఎక్కువచోట్ల నడిచే పద్ధతులు.

## పిలుపు వచ్చాక

మెంబర్స్ క్లబ్ అంటే ఖరీదైన రెస్టారెంటే కదా?

కాదు. రెస్టారెంట్‌లో డబ్బు కట్టేవారెవరైనా కస్టమరే. క్లబ్ తలుపు సభ్యులకే తెరుచుకుంటుంది. మీరు లోపలికి వెళ్లేది ఒక సభ్యుడి పూచీ మీద. రిజిస్టర్‌లో మీ పేరు పక్కనే ఆయన పేరూ రాస్తారు. మీవల్ల ఏదైనా ఇబ్బంది వస్తే కమిటీ అడిగేది ఆయన్నే. కాబట్టి ఒకరింటికి భోజనానికి వెళ్తున్నాననుకుంటే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

ఈ పూచీ పద్ధతి చాలా పాతది. లండన్‌లోని వైట్స్ క్లబ్ 1693లో వేడి చాక్లెట్ అమ్మే దుకాణంగా మొదలై, తర్వాత సభ్యుల క్లబ్‌గా మారింది. అదే నగరంలో 1995లో పుట్టిన సోహో హౌస్ సినిమా, మీడియా, కళారంగాల వాళ్ల కోసం వచ్చింది. ఆ రెండు చోట్లా కూర్చునే తీరు, వేసుకునే బట్టలు వేరు. సభ్యుడు తన గెస్టుకు జవాబుదారీగా ఉండడం మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ఇలాంటివి పైకప్పు మీదే ఎందుకు పెడతారు?

లిఫ్టులు రాకముందు పై అంతస్తుకు విలువ తక్కువ. అన్ని మెట్లు ఎక్కలేక డబ్బున్నవాళ్లు కిందే ఉండేవారు, పనివాళ్లకూ అద్దె తక్కువ కట్టేవాళ్లకూ పైన గదులు ఇచ్చేవారు. 1857లో న్యూయార్క్‌లోని ఒక దుకాణంలో ఎలీషా ఓటిస్ కంపెనీ ప్రయాణికుల లిఫ్ట్ బిగించింది. అలాంటి లిఫ్టులు వ్యాపించే కొద్దీ లెక్క తిరగబడింది. వెలుతురు, గాలి, చూపు ఆనేంత దూరం, వీధి చప్పుడు నుంచి విడుదల, ఇవన్నీ పైనే దొరుకుతాయని జనానికి తెలిసింది. క్లబ్‌కు ఇంకో లాభం కూడా ఉంది. దాదాపు అందరూ వచ్చేది లిఫ్ట్‌లోనే కాబట్టి ఎవరు వస్తున్నారో, ఎవరు వెళ్తున్నారో చూసుకోవడం తేలిక.

స్మార్ట్ క్యాజువల్ అని రాశారు. అసలు ఏం వేసుకోవాలి?

మగవాళ్లయితే కాలర్ ఉన్న చొక్కా, ఇస్త్రీ చేసిన ప్యాంటు, కాలు మొత్తం కప్పే బూట్లు. బ్లేజర్ ఒకటి చేతిలో ఉంటే ఇక దిగులే లేదు. షార్ట్స్, చెప్పులు, ఆటల జెర్సీలు, చిరుగుల జీన్స్ వద్దు. ఆడవాళ్లకు నియమాలు కాస్త వదులుగానే ఉంటాయి. వాళ్లను ఇబ్బంది పెట్టేది గాలి. తేలిగ్గా ఎగిరే స్కర్టు, భుజం మీద నిలవని స్కార్ఫ్ ఉంటే సాయంత్రమంతా వాటిని పట్టుకోవడానికే సరిపోతుంది. పాదరక్షల సంగతి అందరూ మర్చిపోతారు. టెర్రస్ మీద చాలాచోట్ల చెక్క పలకలు పరుస్తారు, వాటి మధ్య వేలెడు కాకపోయినా సన్నటి సందులు ఉంటాయి. సన్న మడమ సరిగ్గా అందులోనే దిగబడుతుంది. నేను పనిచేసినన్నాళ్లూ వారానికి ఒకరినైనా చేయి పట్టుకుని బయటకు లాగేవాళ్లం. వెడల్పు మడమ ఉన్నవి వేసుకోండి.

కొన్ని పాత క్లబ్బుల్లో కోటు, టై తప్పనిసరి. కొత్త తరం క్లబ్బులు కొన్ని అవి లేకుండానే రమ్మంటాయి. అందుకే ఎంత తెలిసినవాళ్లయినా మిమ్మల్ని పిలిచినవారిని ఒకమాట అడగడమే మంచిది. అడిగినందుకు ఎవరూ తక్కువగా చూడరు.

పైన బాగా చలేస్తుందా?

భవనం ఎత్తు వల్ల ఉష్ణోగ్రత పెద్దగా తగ్గదు, కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీలే తేడా. చలి పుట్టించేది గాలి. నేల దగ్గర చెట్లు, గోడలు గాలిని ఆపుతాయి, పైన ఆ అడ్డు ఉండదు. అది ఒంటి చుట్టూ ఉన్న వెచ్చదనాన్ని ఊడ్చుకుపోతుంది. కింద హాయిగా అనిపించిన సాయంత్రం పైన గంటసేపు కదలకుండా కూర్చుంటే వణికించవచ్చు. ఒక పల్చటి కోటు, శాలువా దగ్గర పెట్టుకోండి. నిలువు హీటర్లు ఉంటాయి గానీ అవి గాలిని కాకుండా ఎదురుగా ఉన్నదాన్నే వేడి చేస్తాయి. హీటర్‌కు, మీకు మధ్య ఇంకొకరు కూర్చుంటే ఆ వేడి మీకు చేరదు. కుర్చీ కాస్త జరుపుకోండి. చాలా క్లబ్బుల్లో దుప్పట్లు కూడా ఉంచుతారు, అడిగితే వెంటనే తెచ్చి ఇస్తారు.

నేను శాకాహారిని, ఒకట్రెండు ఎలర్జీలు కూడా ఉన్నాయి. ముందే చెబితే బాగుండదేమో?

ముందే చెప్పడమే మర్యాద. రూఫ్‌టాప్‌లో వంటగది చిన్నది. చాలాచోట్ల అసలు వంట కింద అంతస్తులో జరుగుతుంది, పళ్లేలు సర్వీస్ లిఫ్ట్‌లో పైకి వస్తాయి. బల్ల దగ్గర కూర్చున్నాక మార్పు చెబితే కబురు కిందికి వెళ్లి, కొత్త పళ్లెం పైకి రావాలి. ఈలోగా మిగతావాళ్లు మీకోసం తినకుండా కూర్చోవాలి. మిమ్మల్ని పిలిచినవారికి ఒకరోజు ముందు చిన్న మెసేజ్ పెట్టండి చాలు. ఎలర్జీ విషయంలో మాత్రం మొహమాటం అసలు వద్దు, వెయిటర్‌కూ మరోసారి చెప్పండి.

నాతోపాటు ఒక ఫ్రెండ్‌ని తీసుకెళ్లొచ్చా?

అడగకుండా వద్దు. ఒక సభ్యుడు ఒకసారికి ఇంతమందినే తేవచ్చని లెక్క ఉంటుంది. పేరు లేని మనిషిని లిఫ్ట్ దగ్గరే ఆపాల్సి వస్తుంది. ఆపే మాకూ, ఆగిపోయేవారికీ, పైన ఎదురుచూసే సభ్యుడికీ అది బాధే.

వాన వస్తే?

లోపల హాలు ఉంటుంది, అక్కడికి మారుస్తారు. ఈదురుగాలి, మెరుపులు ఉంటే వాన పడకపోయినా టెర్రస్ మూసేస్తారు. ఆ విషయంలో స్టాఫ్‌ను బతిమాలొద్దు.

## లిఫ్ట్ దిగాక

నేను ముందే చేరిపోయాను, నన్ను పిలిచినాయన ఇంకా రాలేదు. లోపలికి వెళ్లి కూర్చోవచ్చా?

ఎక్కువ క్లబ్బుల్లో సభ్యుడు వచ్చేదాకా గెస్టు రిసెప్షన్ దగ్గరే ఉండాలి. అందుకని బిక్కుబిక్కుమంటూ ఓ మూల నిలబడకండి. బల్ల దగ్గరికి వచ్చి మీ పేరు, మిమ్మల్ని పిలిచినవారి పేరు చెప్పండి. కుర్చీ చూపిస్తారు, మంచినీళ్లు ఇస్తారు, కోటూ గొడుగూ తీసుకుంటారు. ఒకాయన కింద రోడ్డు మీదే ఇరవై నిమిషాలు తిరిగి, చివరికి చెమటతో పైకి వచ్చారు. ఆయన కోసం కుర్చీ వేసి ఉంచామని అప్పుడు గానీ ఆయనకు తెలియలేదు. చెప్పిన టైముకు అయిదు నిమిషాలు అటూ ఇటూగా చేరితే చాలు.

ఫోటోలు తీసుకోవచ్చా? అంత వ్యూ ఉంటే తీసుకోకుండా ఎలా?

ఈ ఒక్క విషయంలో క్లబ్బులు గట్టిగా ఉంటాయి. కొన్నిచోట్ల లోపలికి వెళ్లేముందే ఫోన్ కెమెరా మీద చిన్న స్టిక్కర్ అంటిస్తారు. అది మీ మీద అనుమానంతో చేసేది కాదు. అక్కడికి వచ్చేవాళ్లు తమను ఎవరూ గమనించరనే నమ్మకంతో వస్తారు.

ఒక సాయంత్రం ఒకమ్మాయి సూర్యాస్తమయం ఫోటో తీసి అప్పటికప్పుడే పోస్ట్ చేసింది. ఆకాశం అద్భుతంగా వచ్చింది. కింద మూలలో ఒక టేబుల్ దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, అందులో ఒకాయన ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నారు. ఆ ఫోటో ఆయన ఆఫీసుకు చేరింది. ఆ అమ్మాయి తప్పు చేయాలని చేసింది కాదు, ఎంతో బాధపడింది. ఆమెను తీసుకొచ్చిన సభ్యురాలు మాత్రం కమిటీ ముందు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

అనుమతి ఉన్నచోట కూడా పిట్టగోడ వైపు తిరిగి ఆకాశాన్నో, మీ బల్ల మీది పళ్లేన్నో తీసుకోండి. మనుషులెవరూ పడకూడదు. ఫ్లాష్ వద్దు. ఏ క్లబ్‌లో ఉన్నారో తెలిసే ట్యాగ్ పెట్టకండి. అనుమానంగా ఉంటే వెయిటర్‌ను అడగండి. ఎటు తిరిగి తీసుకుంటే ఎవరూ పడరో వాళ్లకు బాగా తెలుసు.

ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తకూడదా?

ఎత్తండి, కానీ బల్ల దగ్గర కాదు. లిఫ్ట్ లాబీలోనో, ఫోన్ కోసం కేటాయించిన చిన్న గదిలోనో మాట్లాడి రండి. రింగ్ ముందే ఆపేసుకోండి.

## బల్ల దగ్గర

ఏ కుర్చీలో కూర్చోవాలి? వ్యూ కనిపించే కుర్చీ పిలిచినవారిదా?

సాధారణంగా అది గెస్టుకే. మీకు చూపిస్తే "వద్దండీ, మీరే కూర్చోండి" అని రెండుమూడుసార్లు అనకుండా సంతోషంగా కూర్చోండి, ఆయన కోరుకునేది అదే. సాయంత్రం పడమటి ఎండ నేరుగా కళ్లలో పడుతుంటే మాత్రం చెప్పండి. సూర్యుడు దిగిపోయాక ఆకాశం నీలంగా మారుతుంది, ఊళ్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆ అరగంట రూఫ్‌టాప్ మీద అన్నిటికంటే అందమైన సమయం. టైము మీరే చెప్పమంటే సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందు అనండి.

ఇన్ని ఫోర్కులు, ఇన్ని గ్లాసులు! ఏది నాది, ఏది ముందు తీయాలి?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. బయటివైపు ఉన్నవి ముందు, ఒక్కో పళ్లెం వచ్చేకొద్దీ లోపలివైపుకు. పళ్లేనికి ఎడమపక్క ఉన్న చిన్న బ్రెడ్ ప్లేటు మీది, కుడిపక్క ఉన్న గ్లాసులు మీవి. తినడం అయిపోయాక చాకు, ఫోర్క్ రెండూ పక్కపక్కన కలిపి పళ్లెంలో పెడితే తీసుకెళ్లమని అర్థం. విడివిడిగా పెడితే ఇంకా తింటున్నారని అర్థం. తప్పు ఫోర్క్ తీసుకుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. వెయిటర్ చడీచప్పుడు లేకుండా ఇంకోటి తెచ్చి పెడతాడు. ఏ ఫోర్క్‌తో తిన్నారనేది ఎవరికీ గుర్తుండదు. పక్కనున్నవారి మాట సాంతం విన్నారా లేదా అన్నది మాత్రం గుర్తుంటుంది.

నాప్కిన్ గాలికి ఎగిరిపోతోంది, ఏం చేయాలి?

ఒడిలో పరిచి ఒక కొస తొడ కింద నొక్కిపెట్టండి. మధ్యలో లేచినప్పుడు కుర్చీలో వదిలేయండి, వెళ్లిపోయేటప్పుడు పళ్లెం ఎడమపక్కన పెట్టండి. ఇంకోమాట, ఇది నాప్కిన్ కంటే ముఖ్యం: పిట్టగోడ మీద గ్లాసు, ఫోన్, ఏదీ పెట్టొద్దు. అంత ఎత్తు నుంచి చిన్న వస్తువు పడినా కింద నడిచే మనిషి ప్రాణానికే ప్రమాదం.

వెయిటర్ గ్లాసులో కొంచెం వైన్ పోసి నావైపే చూస్తున్నాడు. నేనేం చేయాలి?

ఆ గుక్కెడు మీకు నచ్చిందా అని అడగడానికి కాదు, సీసా చెడిపోలేదు కదా అని చూడడానికి. కార్క్ వల్ల పాడైన వైన్ తడిసిన అట్టపెట్టెలా, ముక్కిన వాసన వేస్తుంది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. అలాంటిదేమీ లేకపోతే తల ఊపండి, అంతే. వైన్ గురించి తెలియకపోతే "మీరు చూడండి" అని పిలిచినవారికి అప్పగించేయండి.

నేను మందు తాగను. చిన్నచూపు చూస్తారా?

చూడరు. బార్‌లో మందు లేని డ్రింక్స్ కూడా అంతే శ్రద్ధగా కలుపుతారు. "నాకు మందు లేనిది చాలు" అని ఒక్కమాట చెప్పి ఊరుకోండి, కారణం చెప్పక్కర్లేదు. తాగేవాళ్లకు ఒక జాగ్రత్త. మందు చర్మం దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ నిజానికి ఒంట్లో వేడి బయటికి పోతుంది. చల్లగాలిలో కూర్చుని "నాకేం చలి లేదు" అంటూ కోటు విప్పేసి, తర్వాత వణుకుతూ లిఫ్ట్ ఎక్కినవాళ్లను చాలామందిని చూశాను.

తిండి చల్లారిపోతోంది, రుచి కూడా తెలియడం లేదు. వంట బాగాలేదా?

చాలాసార్లు వంటది తప్పు కాదు. సూప్ పెట్టిన రెండు నిమిషాలకే పైన పొర కట్టి, గాలికి ఆ పొర సన్నగా ముడతలు పడడం కూడా మీరు గమనించవచ్చు. గాలి అంత త్వరగా వేడిని లాగేస్తుంది. పైగా చుట్టూ చప్పుడు ఎక్కువగా ఉంటే నాలుకకు తీపి, ఉప్పు తగ్గినట్టు అనిపిస్తాయి. సంగీతం హోరెత్తే టేబుల్ దగ్గర ఏ వంటైనా చప్పగానే ఉంటుంది. వేడివి రాగానే తినేయండి, మాటలు పళ్లేనికీ పళ్లేనికీ మధ్య పెట్టుకోండి. గోడ వారగా, స్పీకర్‌కు దూరంగా టేబుల్ దొరుకుతుందేమో అడగండి. నిజంగానే వంటలో లోపం ఉంటే పిలిచినవారికి మెల్లగా చెప్పండి, వెయిటర్‌తో ఆయనే మాట్లాడతారు.

వెయిటర్‌ను ఎలా పిలవాలి?

చిటికెలు వద్దు, గ్లాసు మీద చెంచాతో కొట్టడం వద్దు. కళ్లు కలిసినప్పుడు కాస్త చేయి ఎత్తితే చాలు. పేరు తెలిస్తే పేరుతో పిలవండి. క్లబ్‌లో స్టాఫ్ ఏళ్ల తరబడి ఉంటారు, సభ్యులందరికీ వాళ్లు తెలుసు. వాళ్లతో మీరు మాట్లాడే తీరును పక్క టేబుళ్లవాళ్లు గమనిస్తారు.

బిల్లు నేను కడతానని అనొచ్చా? కనీసం టిప్ అయినా?

చాలా క్లబ్బుల్లో గెస్టు కట్టడం కుదరనే కుదరదు. ఖర్చు నేరుగా సభ్యుడి ఖాతాలో పడుతుంది. భోజనం మధ్యలో చేతులు కడుక్కునే నెపంతో లేచి, మా బల్ల దగ్గరికి వచ్చి రహస్యంగా కార్డు తీసేవారు కొందరు. వాళ్ల మంచిమనసు తెలుస్తూనే ఉండేది, కానీ మేం తీసుకునే వీలే లేదు. అందుకే ఆర్డర్ దగ్గరే ఆలోచించండి. ఆయన తీసుకున్న స్థాయిలోనే మీరూ తీసుకోండి, మెనూలో అన్నిటికంటే ఖరీదైనదాని జోలికి వెళ్లకండి. టిప్ కూడా చాలాచోట్ల నిషేధం. స్టాఫ్ కోసం సభ్యులు ఏడాదికోసారి ఒక నిధికి చందా ఇస్తారు. వెళ్లేటప్పుడు పేరుపేరునా థాంక్స్ చెప్పండి, ఆ మాట మాకు చాలారోజులు గుర్తుండేది.

## నలుగురిలో

నాకు ఎవరూ తెలియదు. మాట ఎలా కలపాలి?

బార్ దగ్గర నిలబడినవాళ్లు మాటకు సిద్ధంగా ఉన్నట్టే. మూల సోఫాలో తలలు దగ్గర పెట్టుకున్నవాళ్లు సిద్ధంగా లేనట్టే. కొన్ని పాత క్లబ్బుల్లో ఒంటరిగా వచ్చినవాళ్ల కోసం ఒక పొడవాటి ఉమ్మడి బల్ల ఉంటుంది, అక్కడ పక్కనున్నవారితో మాట్లాడడమే పద్ధతి. మొదలుపెట్టడానికి రూఫ్‌టాప్ అంత సాయం చేసే చోటు ఇంకోటి లేదు. "అదిగో, ఆ దీపాలు కనిపించేది ఏమిటండీ?" అని అడగండి. అందరూ చూస్తున్నదే కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు, చెప్పేవారికి కాస్త సంతోషం కూడా. రెండు జవాబులు ముక్తసరిగా వస్తే నవ్వి పక్కకు తప్పుకోండి. అది మీ తప్పు కాదు.

మీరేం చేస్తుంటారని అడిగితే? నాది చిన్న ఉద్యోగం.

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పెంచి చెప్పిన మాట రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. మీ పనిలో ఈ వారం జరిగిన ఒక చిన్న సంగతి జోడించండి. ఒక స్కూల్ టీచర్ తన క్లాసులో ఒక పిల్లవాడు వేసిన ప్రశ్న గురించి చెబుతుంటే, పెద్ద పెద్ద కంపెనీలు నడిపేవాళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కుని వినడం నా కళ్లతో చూశాను. రోజూ ఒకే రకం మాటలు వినేవాళ్లకు కొత్త పని గురించి వినడం ఇష్టం. మీరు అడిగేటప్పుడు మాత్రం మొదటి ప్రశ్నగా ఉద్యోగం గురించి అడక్కండి.

పక్క టేబుల్లో పేరున్న మనిషి కనిపించారు. వెళ్లి పలకరించొచ్చా?

వద్దు. సెల్ఫీ మాట అసలే వద్దు. ఆయన అక్కడికి వచ్చిందే ఎవరూ పలకరించరని. మిమ్మల్ని తీసుకొచ్చినవారికి ఆయన తెలిసి, వాళ్లే పరిచయం చేస్తే ఒక నమస్కారం, ఒక మాట, అంతే.

బిజినెస్ మాట్లాడొచ్చా, కార్డు ఇవ్వొచ్చా?

మాట్లాడవచ్చు, బల్ల మీద కాగితాలు పరచకూడదు. పాత క్లబ్బుల భోజనశాలల్లో ఫైళ్లకు పూర్తిగా నిషేధం. కార్డు ఎవరైనా అడిగితే ఇవ్వండి. టేబుల్ టేబుల్‌కూ తిరిగి పంచితే మిమ్మల్ని తెచ్చినవారు తలెత్తుకోలేరు.

## ఇంటికి వచ్చాక

థాంక్స్ ఎలా చెప్పాలి? తిరిగి పిలవాలా?

మర్నాడే మెసేజ్ పెట్టండి, ఆ సాయంత్రంలో మీకు గుర్తుండిపోయిన ఒక్క విషయమైనా అందులో ఉండాలి. తిరిగి పిలవడానికి క్లబ్ అవసరం లేదు. ఇంటికి భోజనానికి పిలిచినా దానికి సరితూగుతుంది.

నేనూ మెంబర్ అవ్వాలంటే?

సాధారణంగా ఒక సభ్యుడు మీ పేరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, తర్వాత కమిటీ చూస్తుంది. పూర్వం పెట్టెలో తెల్ల గోళీ వేస్తే సరే, నల్ల గోళీ వేస్తే వద్దు అని లెక్క. కొన్నిచోట్ల ఒక్క నల్ల గోళీ పడినా పేరు పోయేది. ఇప్పుడు దరఖాస్తు, వెయిటింగ్ లిస్టు, ప్రవేశ రుసుము, ఏడాది చందా. మీ పేరు ప్రతిపాదించమని ఎవరినీ మొదటి భోజనం రోజే అడగొద్దు. నాలుగైదుసార్లు గెస్టుగా వెళ్లి, ఆ చోటు మీకు నిజంగా సరిపడుతుందో లేదో చూసుకున్నాక అడగండి. ఏడాదికి రెండుసార్లు వెళ్లేవారికి ఆ చందా దండగ అని నా అభిప్రాయం.

నావల్ల అక్కడ ఒక పొరపాటు జరిగింది. ఇప్పుడేం చేయాలి?

ఆ రాత్రే ఫోన్ చేసి మిమ్మల్ని తీసుకెళ్లినవారికి చెప్పండి. క్లబ్ నుంచి కబురు రాకముందే వాళ్లకు మీ నోటి నుంచి తెలియాలి. గ్లాసు పగలడం, వైన్ ఒలకడం లాంటివి మేం తుడిచేసి మర్చిపోయేవాళ్లం. స్టాఫ్ మీద గొంతు పెంచి ఉంటే మాత్రం ఆ స్టాఫ్ పేరు మీద రెండు వాక్యాల చీటీ రాసి రిసెప్షన్‌కు పంపండి. అలాంటి చీటీ ఒకటి మా వెయిటర్ తన లాకర్ తలుపు లోపలివైపు అంటించుకున్నాడు. నేను ఆ ఉద్యోగం మానేసే రోజుకు కూడా అది అక్కడే ఉంది.